ఇక్కడ అలా జరగదు

పోలినాయుడి బాధల్లా ఒక్కటే. అతని భార్య అతన్ని తిట్టడం మానేసింది.

ఈ మాట చెబితే క్యాంపులో అందరూ నవ్వారు. "ఎంత పుణ్యం చేసుకున్నావయ్యా" అన్నాడు వంటాయన. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. నూకరత్నం సంగతి వాళ్ళకు తెలియదు. విజయనగరంలో వాళ్ళ వీధి కుళాయి దగ్గర ఆమెకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే తిట్టేది, తక్కువైందంటే తిట్టేది, ఏమీ అనకుండా తిని లేస్తే ఇంకా తిట్టేది. తిడుతూనే కంచంలో మరో గరిటె వేసేది. మేనమామ కూతురు కాబట్టి చిన్నప్పటినుంచీ "బావా" అనే పిలుపు, "నువ్వు" అనే చనువు. ఏడేళ్ళ కాపురంలో పోలినాయుడికి ఇల్లంటే ఆ గొంతే.

అలాంటి మనిషి ఇప్పుడు ఫోనులో "బాగున్నాం" అంటోంది. పాప ఎలా ఉందంటే "బాగుంది" అంటోంది. నీకేమైనా కావాలా అంటే "ఏమీ అక్కర్లేదండి" అంటోంది. ఆ "అండి" కొత్తగా నేర్చుకుంది. ఎనిమిది నెలల నుంచి ఇదే వరస.

తప్పు అతనిదే. అతనిది ఆకాశంలోకి బెలూన్లు ఎగరేసి వాతావరణం కొలిచే ఉద్యోగం. దక్షిణాన మంచు ఖండం మీద ఏడాది పాటు ఉండి అదే పని చేసే అవకాశం వస్తే, ఇంట్లో ఒక్క మాట అనకుండా పేరు ఇచ్చేశాడు. పరీక్షలయ్యాయి, డాక్టర్లు చూశారు, ఎంపికైనట్టు కాగితం వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి అప్పుడు చెప్పాడు. సంతోషపడుతుందనుకున్నాడట. నూకరత్నం పొయ్యి కట్టేసి అతని వైపు తిరిగింది.

"నువ్వు నన్నడగనేదు బావా. సెప్పావు. అడగడం ఏరు, సెప్పడం ఏరు," అంది.

రైలెక్కే రోజున, ప్లాట్‌ఫారం మీద, పాపను చంకనేసుకుని ఇంకో మాట అంది. "మీరు తిరిగొచ్చే యేలకి ఈ ఇంట్లో ఉంటానో, మా అమ్మోలింటికి ఎల్లిపోతానో ఇప్పుడు సెప్పనేనండి." కోపంగా అనలేదు. రైలు ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టు చెప్పింది. పోలినాయుడు ఇన్ని వేల మైళ్ళు మోసుకొచ్చింది ఆ మాటనే. తిరిగి వెళ్ళేసరికి తలుపు తెరిచే మనిషి ఉంటుందా, తాళం ఉంటుందా?

క్యాంపులో ఇరవై నాలుగు మంది మగవాళ్ళు. చుట్టూ నల్లరాయి, దాని చుట్టూ మంచు. ఫిబ్రవరిలో వాళ్ళను దింపిన ఓడ వెళ్ళిపోయింది, మళ్ళీ జనవరిదాకా రాదు. ఆదివారం సాయంత్రం ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు ఫోను. ఎనిమిదో నిమిషం నిండగానే మాట మధ్యలో ఉన్నా సరే లైను దానంతటదే తెగిపోతుంది. ఎవరి తర్వాత ఎవరో గోడమీద ఒక కాగితం అంటించి ఉంటుంది. అందులో పోలినాయుడి కింద పేరు అతని గురువుది.

గురువంటే కాషాయం కట్టిన మనిషి కాదు. పేరు దస్తగిరి సాయిబు, ఊరు కడప జిల్లా. ముప్పై నాలుగేళ్ళుగా బెలూన్లే ఆయన పని. మంచు ఖండంలో ఇది మూడో శీతాకాలం, ఆఖరిది కూడా. సూర్యుడు రెండు నెలలు మొహం చాటేసినప్పుడు సైతం కడప టైము చూసుకుని ఐదు పూటలా నమాజు చేశాడు. బెలూన్ల పనిలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు కాబట్టి పోలినాయుడు తనంతట తనే వెళ్ళి, "మీ దగ్గర నేర్చుకుంటానండి" అన్నాడు. సాయిబు సరేనని గాని వద్దని గాని అనలేదు. ఎప్పుడూ అంతే. నేర్పమంటే నేర్పడు. చేస్తుంటే వచ్చి పక్కన నిలబడతాడు.

ఆయన భార్య బీబీజాన్‌కు నాలుగేళ్ళ కిందట చెవులు పూర్తిగా పోయాయి. ఫోనులో ఏమీ వినపడదు. అయినా ఆదివారం ఆ టైముకు ఇంట్లోవాళ్ళు ఆమె చేతికి ఫోనిస్తారు. ఆమె ఎనిమిది నిమిషాలూ చెప్పుకుంటూ పోతుంది. ఈనిన మేక సంగతి, గాలికి విరిగిన మునగకొమ్మ సంగతి, పక్కింటి కోడలి సంగతి. సాయిబు గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటాడు.

ఒకసారి పోలినాయుడు ఉండబట్టలేక అడిగాడు. "అమ్మగారికి ఇనపడదు కదండీ. మరి ఫోనెందుకండి?"

"ఆయమ్మకు ఇనపడదు. నాకు ఇనపడతాది కదప్పా," అన్నాడు సాయిబు.

ఆ జవాబు పోలినాయుడికి ముసలాయన చాదస్తంలా తోచింది.

ఇక వాళ్ళ పని. ప్రతి గురువారం మధ్యాహ్నం ఒక బెలూన్ వదులుతారు. దానికి దారంతో ఒక చిన్న పెట్టె వేలాడుతుంది. పైకి పోతున్నకొద్దీ ఎంత ఎత్తున ఎంత చలి ఉందో ఆ పెట్టె కొలిచి రేడియోలో కిందికి చెబుతుంది. బెలూన్ విమానాలు తిరిగే ఎత్తు దాటి, స్ట్రాటో ఆవరణంలోకి పోయి, ముప్పై కిలోమీటర్ల దగ్గర ఉబ్బి పగిలిపోతుంది. ధ్రువం మీద చలికాలమంతా అక్కడి గాలి గానుగెద్దులా ధ్రువం చుట్టూ ఒకటే తిరుగుడు. ఆ తిరుగుడు బయటి వెచ్చదనాన్ని లోపలికి రానివ్వదు. అందుకని లోపల మైనస్ ఎనభై డిగ్రీలు. చలికాలం మొదలైనప్పటినుంచీ ప్రతి గురువారం దాదాపు ఇదే అంకె, ఒకటి అటూ రెండు ఇటూ.

లెక్కలు కట్టడానికి కంప్యూటర్ ఉంది. అయినా సాయిబు చేత్తో రాయిస్తాడు. పెద్ద గళ్ళ కాగితం మీద అంకెలు వేసి, చుక్కలు పెట్టి, చుక్కలను కలుపుతూ గీత గీయాలి. పోలినాయుడి గీత చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పెళ్ళి పందిట్లో ముగ్గులా ఉంటుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, అదే వచ్చిన చిక్కు. ఎక్కడైనా ఒక చుక్క గీతకు దూరంగా పడితే, పెట్టె తప్పు చదివిందని ఇట్టే పసిగట్టి కొట్టేసేవాడు. న్యాయంగా చెప్పాలంటే చాలాసార్లు అతనన్నదే నిజం కూడా.

కొట్టేయడానికీ వాళ్ళకో పద్ధతి ఉంది. రబ్బరుతో తుడపకూడదు. అంకె మీద ఒక్క అడ్డగీత గీయాలి, కింది అంకె కనబడుతూ ఉండాలి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. పోలినాయుడు అడ్డగీత దాకా చేసేవాడు. కారణం, సంతకం ఎవరు చూడొచ్చారులే అని కొన్నాళ్ళుగా వదిలేశాడు.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం. సూర్యుడు తిరిగొచ్చి చాలా రోజులైంది, పగళ్ళు పొడుగవుతున్నాయి. పోలినాయుడు ఎప్పటిలాగే చిన్న కాగితం పట్టుకుని ఫోను గదిలోకి వెళ్ళాడు. ఎనిమిది నిమిషాలు ఖాళీగా పోకుండా, మాట్లాడవలసినవన్నీ వరుసగా రాసుకునే అలవాటు అతనిది. ఒకటి, గ్యాసు బండ. రెండు, పాప జలుబు. మూడు, టీకా కార్డు.

"బాగున్నాం," అంది నూకరత్నం. గ్యాసు బండ వచ్చిందంది. జలుబు తగ్గిందంది. కాసేపాగి అడిగింది.

"మీ గదికి కిటికీ ఉందా అండి?"

పోలినాయుడు అప్పటికే మూడో అంశంలో ఉన్నాడు. "ఉంది," అన్నాడు. తర్వాత టీకా కార్డు బీరువాలో ఏ అరలో ఉందో చెప్పాడు. ఆమె "సరేనండి" అంది. అయిదో నిమిషానికే ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయాయి.

పడుకున్నాక ఆ ప్రశ్న ఒకసారి గుర్తొచ్చింది. ఎవరో పక్కింటివాళ్ళు అడగమని ఉంటారు అనుకుని అటు తిరిగి పడుకున్నాడు.

గురువారం బెలూన్ బాగానే లేచింది. పద్దెనిమిది కిలోమీటర్లదాకా అంకెలన్నీ బుద్ధిగా ఎప్పటిలాగే వచ్చాయి. ఆ పైన మైనస్ డెబ్బై అంది పెట్టె. తర్వాత అరవై, తర్వాత యాభై ఒకటి. పగిలిపోయే ముందు మైనస్ నలభై అంది. పోలినాయుడు నవ్వుకున్నాడు. ఎండ నేరుగా తగిలి పెట్టె వెచ్చబడి ఉంటుంది, పిచ్చి ముండకు మతి చలించింది అనుకున్నాడు. పైనున్న ఏడు అంకెలూ కొట్టేసి, పోయిన వారం అంకెలను బట్టి గీత పూర్తి చేశాడు. గీత చక్కగా కుదిరింది.

సాయంత్రం సాయిబు వచ్చి కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరు కొట్టేసినారు?"

"నేనేనండి."

"సంతకం లేదే," అని పెన్సిలు అందించాడు.

పోలినాయుడు సంతకం పెట్టాడు.

"కారణం?"

"ఎండకి పెట్టె ఏడెక్కిందండి."

"ఎండకు ఎంత ఏడెక్కుతాది?"

"ఒక డిగ్రీ. మహా అయితే రెండు."

"ఈడ ఎంత ఎక్కింది?"

పోలినాయుడు కాగితం చూశాడు. "నలభై అండి."

"మరి ఎండ కాదు కదప్పా."

పోలినాయుడు ఇబ్బందిగా కదిలాడు. అతను చదువుకున్నవాడు, అతని దగ్గర జవాబు లేకపోలేదు. "ఉత్తర ధ్రువం దగ్గరైతే ఇలా అవుతాదండి. అక్కడ కొండలున్నాయి, పెద్ద పెద్ద భూములున్నాయి. గాలి వాటికి తగిలి కింద నుంచి అలలు లేస్తాయి. అవి పైకెల్లి విరిగాయంటే ఆ తిరిగే గాలి చెదిరిపోయి, వారంలో ముప్పై నలభై డిగ్రీలు వెచ్చబడిపోతాది. పుస్తకాల్లో ఉంది. మన పక్క చుట్టూ సముద్రమే కదండి. ఇక్కడ అలా జరగదు."

"సరే. అది రాయి."

"ఏదండి?"

"ఇప్పుడు చెప్తివి కదా, ఇక్కడ అలా జరగదు అని. అదే కదా కారణం. రాయి."

పోలినాయుడు రాశాడు. ఏడు అంకెల పక్కన, తన ముత్యాల్లాంటి అక్షరాలతో, 'ఇక్కడ అలా జరగదు' అని రాశాడు. రాసి చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. నోటితో అన్నప్పుడు శాస్త్రంలా ఉన్న మాట కాగితం మీద మొండితనంలా కనబడింది. ఆ కాగితాన్ని అక్కడే చించేయాలనిపించింది, కానీ చించకూడదన్న పద్ధతి కూడా ఉంది.

సాయిబు కుల్లాయి పెట్టుకుని, చేతి తొడుగులు వేసుకుని, బెలూన్లు దాచే గదివైపు నడిచాడు.

పోలినాయుడు వెనకాలే పరిగెత్తాడు. "ఈ వారందీ అయిపోయింది కదండి. లెక్క ప్రకారమే తెచ్చుకున్నాం. ఇప్పుడింకోటి ఎగరేస్తే ఆఖర్న ఒక వారానికి ఉండదు."

"పోనీ," అన్నాడు సాయిబు.

ఎండ పేరు చెప్పే వీలు లేకుండా, పొద్దు గుంకి గంట దాటేదాకా ఆగారు. చలికి రబ్బరు పెళుసెక్కకుండా బెలూన్‌ను వెచ్చటి గదిలోనే గ్యాసుతో నింపారు. పెద్ద తలుపు తెరిచి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బయటికి తెచ్చారు. సాయిబు దాన్ని వదులుతూ "పోయిరా తల్లీ" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా ప్రతి బెలూన్‌తోనూ అంటున్న మాట అది. అది ఒకసారి ఊగి, చీకట్లో కలిసిపోయింది.

తర్వాత పని కూర్చోవడమే. రేడియో గదిలో చిన్న హీటరు, రెండు స్టూళ్ళు, ఫ్లాస్కులో టీ. కింది అంకెలు మామూలుగా వస్తున్నాయి. పైఅంకెలు రావడానికి ముప్పావుగంట పైనే పడుతుంది.

"ఆదివారం అయిదు నిమిషాలకే బిరీన బయటికొచ్చినావే," అన్నాడు సాయిబు.

"మాటలయిపోయాయండి."

"ఏమంటాది ఆయమ్మ?"

"బాగున్నాం అంటాదండి. ఎప్పుడూ అదే. నేను ఏదడిగితే దానికి జవాబు సెప్తాది. అంతకుమించి ఒక్క మాట రాదు." "ఒక్కసారి తిట్టినా బాగుణ్ణండి. తిడితే ఇంకా నా మనిషే అనుకుందును. ఓడ దిగి ఇంటికెల్తే ఎవరుంటారో తెలీదు నాకు."

సాయిబు టీ ఊదుకున్నాడు. "మొన్న ఇంకేమీ అనలేదా?"

"లేదండి. గ్యాసు బండొచ్చిందంది. జలుబు తగ్గిందంది. ఆ, నా గదికి కిటికీ ఉందా అనడిగింది."

సాయిబు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వేమంటివి?"

"ఉందన్నానండి."

"తర్వాత?"

"టీకా కార్డు సంగతి సెప్పాను."

"ఈ ఎనిమిది నెలల్లో," అన్నాడు సాయిబు, "ఆయమ్మ నిన్ను ఇంకేమన్నా అడిగిందా?"

పోలినాయుడు నోరు తెరిచాడు. ఏదో ఒకటి అడిగే ఉంటుంది, ఇన్ని ఆదివారాలు కదా. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాడు. ఆగస్టు, జులై, జూన్. ప్రతివారం అడిగింది తనే. ఆమె చెప్పింది, సరేనంది, ఫోను పెట్టేసింది. రైలు కదిలినప్పటినుంచీ ఆమె అతన్ని అడిగిన ప్రశ్న అదొక్కటే. తను దాని మీద అడ్డగీత గీసి, టీకా కార్డుకు వెళ్ళిపోయాడు. చేతిలో టీ ఎప్పుడు చల్లారిందో అతనికి తెలియలేదు.

అప్పుడే పైఅంకెలు మొదలయ్యాయి.

"రాసుకో," అన్నాడు సాయిబు.

మైనస్ అరవై ఎనిమిది. యాభై తొమ్మిది. యాభై. ఆ చీకట్లో ఎండ లేదు, నెపం లేదు. ముప్పై తొమ్మిది. మధ్యాహ్నంకంటే ఒక డిగ్రీ ఎక్కువే. పోలినాయుడు ఒక్కొక్క అంకే వేసి, చుక్క పెట్టి, గీత కలిపాడు. గీత వంకరటింకరగా, కాలు విరిగిన మనిషిలా వచ్చింది. అతను దాన్ని సరిచేయలేదు. ఇరవై తొమ్మిది కిలోమీటర్ల దగ్గర బెలూన్ పగిలి రేడియోలో చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కడినుంచి వచ్చిందండి ఇంత వేడి?" అన్నాడు పోలినాయుడు. "పోయిన వారం లేదు కదా. ఇక్కడ గాలి కదల్లేదు, మంచు కరగలేదు."

సాయిబు లేచి మూలనున్న మోకు తీశాడు. సామాన్లు లాగే లావుపాటి తాడు అది. దాని కొసకు సన్నతాడు ముడివేశాడు. ఆ సన్నతాడు కొసకు బెలూన్ దారం ముడివేశాడు. మొత్తం నేల మీద పొడుగ్గా పరిచి, మోకు మొదలు పట్టుకుని చిన్నగా విదిలించాడు. మోకు బద్ధకంగా ఒకసారి మెలి తిరిగింది. ఆ అల పాకుతూ సన్నతాడులోకి పోయింది, అక్కణ్ణుంచి దారంలోకి పోయింది. అవతలి గోడ దగ్గర దారం చర్నాకోలలా ఛెళ్ళుమంది.

"నా చెయ్యి ఎంత కదిలింది?"

"బెత్తెడు కూడా లేదండి."

సాయిబు తాళ్ళ ముళ్ళు విప్పి, దేనికది చుట్టి, ఎక్కడివక్కడ పెట్టాడు. పాఠం అంతే. పోలినాయుడు చాలాసేపు ఆ గోడవైపే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడో ఏ కొండ మీదో, ఏ సముద్రం మీదో గాలి కాస్త తడబడి ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, అల పెద్దదవుతుంది. రోజుల తరబడి తల మీద నుంచే ఎక్కుతూ పోయి ఉంటుంది, కింద ఉన్నవాడికి ఆకాశం ఎప్పటిలాగే కనబడి ఉంటుంది.

"మరి అక్కడ వెచ్చబడింది కదండి," అన్నాడు చివరికి. "ఇక్కడికి ఎప్పుడు దిగుతాదండి?"

"నిదానంగా దిగుతాది నాయనా," అన్నాడు సాయిబు. "దిగేటప్పుడు మర్యాదగా దిగదు. అది గూడా చూసుకో."

శుక్రవారం, శనివారం పోలినాయుడికి అన్నం సహించలేదు. ఇక్కడికి వచ్చిన తర్వాత ఇంటి మీద అంత బెంగ ఎన్నడూ పడలేదు. నూకరత్నం ఫోను పట్టుకుని ఎలా నిలబడుతుందో, కొంగు ఏ చేతిలో ఉంటుందో, పాప ఆమె ఏ పక్కన వేలాడుతూ ఉంటుందో ఊహించుకున్నాడు. ఇన్ని నెలలూ ఇది కూడా ఊహించుకోలేదని తెలిసి సిగ్గుపడ్డాడు. ఈ వారం కాగితం రాసుకోలేదు.

ఆదివారం వచ్చింది.

"బాగున్నాం," అంది నూకరత్నం.

"ఆ కిటికీ," అన్నాడు పోలినాయుడు. "పోయినోరం అడిగావు కదా. ఉందన్నాను. ఎలాగుంటాదో సెప్పనేదు. సిన్నది నూకా. నా రెండు సేతులూ ఆనిస్తే మూసుకుపోతాది. లోపల పక్క మంచు కడతాది, గోరుతో గీకాలి. గీకితే ఒక నల్లరాయి కనబడతాది. దాని అవతల తెలుపే, ఇంకేటీ నేదు. నిన్న రెండుసార్లు గీకి సూసాను." ఊపిరి తీసుకున్నాడు. "ఎందుకడిగావు?"

అంత దూరం మాట వెళ్ళి రావడానికి ఎప్పుడూ ఒకటి రెండు క్షణాలు పడుతుంది. ఈసారి చాలా ఎక్కువ పట్టింది. లైను పోయిందేమో అనుకున్నాడు.

"పాప బొమ్మేసింది," అంది నూకరత్నం. "మా నాన్న ఇల్లని. గోడలేసింది, తలుపేసింది. అమ్మా, కిటికీ ఎయ్యాలా వద్దా అనడిగింది. నాకు తెల్దు. పెల్లయి ఏడేల్లయింది, నా మొగుడు పడుకునే గదికి కిటికీ ఉందో నేదో నాకు తెల్దు." ఒక్కసారిగా గొంతు పెంచింది. "ఎందుకడిగావని ఇప్పుడడుగుతావా బావా? ఎనిమిది నెల్లకి అడుగుతావా?"

"నూకా, నేను..."

"నోర్మూసుకుని ఇను. జులైల వంటిల్లు కారిపోతే బిందెలెట్టుకుని తెల్లార్లూ కూకున్నాను. పాపకి నూట మూడు జొరమొస్తే ఆటోలో ఒక్కదాన్నే అట్టుకెల్లాను. ఆ ఆదివారం నువ్వు ఫోన్జేసి ఏటడిగావో గురుతుందా? గ్యాసు బండొచ్చిందా అనడిగావు. ఏం, నేనేటి నీ గ్యాసు బండకి కాపలా కూకున్నానా? బాగున్నామంటే బాగున్నారనుకుని పెట్టేస్తావా? కాయితం సూసి సదువుతావు, నాకు తెల్దనుకున్నావా? ఇక్కడికి ఇనపడతాది ఆ కాయితం సప్పుడు!"

పోలినాయుడు ఫోను చెవికి అదిమిపెట్టుకున్నాడు. ఆమె తిట్టింది. అతన్ని తిట్టింది, ఓడను తిట్టింది, మంచును తిట్టింది, ఇలాంటి మేనల్లుడికి పిల్లనిచ్చిన తన తండ్రిని తిట్టింది. మధ్యలో ముక్కు చీది మళ్ళీ తిట్టింది. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"మా అమ్మ వచ్చెయ్యమంటోంది," అంది నూకరత్నం. "రెండుసార్లు బట్టలు సర్దీసేను. రెండుసార్లూ గుమ్మందాకా ఎల్లేను. ఎందుకాగిపోయానో తెల్సా నీకు? ఎందుకంటే..."

ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. లైను తెగిపోయింది.

పోలినాయుడు బయటికొచ్చాడు. గుమ్మం పక్కనే దస్తగిరి సాయిబు తన వంతు కోసం గోడకానుకుని నిలబడి ఉన్నాడు. శుభ్రంగా గడ్డం దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆదివారం ఎప్పుడూ అలాగే వస్తాడు.

"ఏమయింది?"

"తిట్టిందండి," అన్నాడు పోలినాయుడు. "ఎల్లిపోకుండా ఎందుకాగిపోయిందో సెప్తోందండి. సెప్తూ ఉంటే తెగిపోయింది. మళ్ళీ వారందాకా..."

సాయిబు గోడమీది కాగితం చూశాడు. తర్వాతి పేరు తనది.

"లోపలికి పో," అన్నాడు. "నా ఎనిమిదీ తీసుకో."

పోలినాయుడు కదల్లేదు. "అక్కడ అమ్మగారు ఫోను దగ్గర కూర్చుని సూస్తుంటారు కదండి?"

సాయిబు చేతి గడియారం వైపు చూసుకున్నాడు. ఆ గడియారంలో కడప టైము ఉంటుంది.

"చూస్తుంటాది," అన్నాడు. "పో నాయనా."

శిష్యుణ్ణి లోపలికి పంపి, తలుపు తనే దగ్గరగా వేశాడు.

పోలినాయుడు నంబరు నొక్కాడు. మొదటి మోత పూర్తి కాకుండానే అవతల నూకరత్నం ఎత్తింది.